చక్రం ఊడితే విమానం ఎలా దిగుతుంది?

"మా వాడు పదహారేళ్ళకే విమానం నేర్చుకుంటానంటున్నాడండీ, గాల్లో ఏదైనా ఊడిపోతే ఏం గతి?" అని ఒకావిడ అడిగారు. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని, శని ఆదివారాలు చిన్న విమానంలో పాఠాలు నేర్చుకుంటున్నవాణ్ణి కాబట్టి ఆ ప్రశ్న నా వంతుకు వచ్చింది.

ఊడిపోయిన సందర్భం ఒకటుంది. 2018 సెప్టెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని బెవర్లీ విమానాశ్రయం నుంచి 17 ఏళ్ళ విద్యార్థిని పైపర్ వారియర్ విమానంలో ఒంటరిగా బయల్దేరింది. పైకి లేస్తుండగా కుడి చక్రం ఊడిపోయింది. ఆ సంగతి కింద ఉన్న మరో పైలట్ చూసి టవర్‌కి చెప్పాడు. ఆమె శిక్షకుడు రేడియోలో ధైర్యం చెబుతూ దింపించాడు. విమానం పక్కకు ఒరిగి, జారి ఆగింది. అమ్మాయికి దెబ్బలేమీ తగల్లేదు.

ఈ విమానం కాలు సైకిల్ పంపులాంటిదే. గొట్టంలో గొట్టం, లోపల నూనె, గాలి. లోపలి గొట్టం పక్కకు తిరగకుండా, జారి బయటికి రాకుండా కత్తెర ఆకారంలో ఒక లింకు పట్టుకుని ఉంటుంది. నేలమీద ఉన్నంతసేపు విమానం బరువే ఆ గొట్టాన్ని లోపలికి నొక్కి ఉంచుతుంది. లింకు బోల్టు విరిగితే, పైకి లేచాకే చక్రంతో సహా అది జారిపడొచ్చు. అందుకే బయల్దేరేముందు వంగి ఆ బోల్టులు చూడమంటారు. వారియర్‌కి మెరిసే గొట్టం 4.5 అంగుళాలు కనబడాలి. చలికాలం పొద్దున్నే ఈ వంగడం ఎవరికీ ఇష్టం ఉండదు లెండి!

మరి దిగడం? మొదట, తొందరేమీ లేదు. రెక్కలూ ఇంజనూ బాగానే ఉన్నాయి. కాసేపు చుట్లు తిరిగితే పెట్రోలు తగ్గుతుంది, విమానం తేలికవుతుంది, అంబులెన్సూ ఫైరింజనూ వచ్చి నిలబడతాయి. నేల తగలబోయేముందు తలుపు గడియ తీసి ఉంచాలి, వంగిపోతే తలుపు బిగుసుకుపోవచ్చు కనుక. ఉన్న చక్రం మీద దిగి, లేని వైపు రెక్కను ఐలరాన్‌తో వీలైనంతసేపు ఎత్తి పట్టాలి. వేగం తగ్గేకొద్దీ గాలికి ఆ పట్టు పోతుంది, రెక్క దానంతటదే వాలుతుంది. అప్పటికి ఇంజను, పెట్రోలు, కరెంటు ఆపేసి ఉండాలి. విమానం పాడైనా ఫర్వాలేదు, అది ఇన్సూరెన్స్ వాళ్ళ తలనొప్పి.

చక్రాలు ముడుచుకునే విమానాలది వేరే కథ. పైపర్ యారోలో మూడు పచ్చ దీపాలు వెలిగితేనే చక్రాలు దిగి బిగుసుకున్నట్టు. ఒకటి వెలగకపోతే ముందు బల్బునే అనుమానించాలి. ప్యానెల్ లైట్లు వేసి ఉంటే ఆ దీపాలు మసకబారి పగలు కనబడవు కూడా. అప్పటికీ కాకపోతే అత్యవసర మీట నొక్కి హైడ్రాలిక్ ఒత్తిడి వదిలేస్తే చక్రాలు వాటి బరువుకే దిగుతాయి.

ఈ బల్బుతో కుస్తీ పడుతూనే 1972 డిసెంబరు 29న ఈస్టర్న్ 401 పెద్ద విమానం సిబ్బంది ఎత్తు తగ్గడం గమనించలేదు. మయామీ పక్క చిత్తడినేలలో కూలి 101 మంది పోయారు. చక్రం దిగే ఉంది, మాడిపోయింది బల్బు.

అమ్మగారూ, స్కూలుకి వెళ్ళినప్పుడు ఫీజుతో పాటు విమానం మెయింటెనెన్స్ పుస్తకం కూడా అడగండి. అమెరికాలో స్కూలు విమానాన్ని డబ్బు తీసుకుని శిక్షణకు వాడితే ప్రతి 100 గంటలకు తనిఖీ తప్పనిసరి. ఆఖరి తనిఖీ ఎప్పుడయిందో అందులో రాసి ఉంటుంది.