బాయి లోపల పగలెప్పుడు?

రామకృష్ణాపూర్‌లో పొద్దు పొడిచే వేళ ఏ వీధిలోనైనా నిలబడి చూడండి. కొందరు టిఫిన్ క్యారియర్ పట్టుకొని డ్యూటీకి బయలుదేరుతుంటారు. మరికొందరు రాత్రి షిఫ్టు ముగించుకొని, కళ్ల అంచున కాటుకలా నిలిచిన బొగ్గు నుసితో ఇంటి ముఖం పడుతుంటారు. మొదటివారికి పగలు మొదలైంది. రెండోవారికి రాత్రి మొదలు కావాలి. కాని ఆకాశంలో ఉన్న సూర్యుడు ఒక్కడే కదా! మన శరీరం ఎవరి మాట వింటుంది? సూర్యుడి మాటా, షిఫ్టు మాటా?

ఇక్కడివారు బొగ్గుగనిని ‘బాయి’ అంటారు. బాయి లోపలి చీకటి మనకు తెలిసిన చీకటి కాదు. అమావాస్య రాత్రి కూడా చుక్కల వెలుగు కొంత ఉంటుంది. గనిలో టోపీ దీపం ఆర్పితే మీ చెయ్యి మీకే కనబడదు. ఎంతసేపు కళ్లు చిట్లించి చూసినా అంతే.

విచిత్రమేమంటే, ఆ చీకట్లో తవ్వి తీస్తున్నది ఎండనే! గోదావరి లోయలోని ఈ బొగ్గు సుమారు 25 కోట్ల సంవత్సరాలకు పూర్వం పెరిగిన అడవులది. గ్లోసాప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకుల చెట్లు ఆనాటి ఎండను పత్రహరితంతో పట్టి, కర్బనంగా దాచుకున్నాయి. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర ఈ నిధిని గుర్తించాడు. 1889లో సింగరేణిలో తవ్వకం మొదలయింది.

ఇక వెలుగు కరువైతే మనిషికేమవుతుందో చూద్దాం. మొదటి దెబ్బ కంటిమీద పడింది. 1815లో హంఫ్రీ డేవీ కనిపెట్టిన రక్షక దీపం గనిలోని మండే వాయువు అంటుకోకుండా కాపాడింది. కాని దాని వెలుగు ఒక కొవ్వొత్తి పాటి కూడా లేదు. చుట్టూ ఉన్న నల్లని బొగ్గేమో పడిన వెలుగునంతా మింగేస్తుంది. మన కంటి నేత్రపటలంలో రెండు రకాల కణాలున్నాయి. శంకువులకు మంచి వెలుగు కావాలి. దండాలు మసకలోనూ పనిచేస్తాయి. మనం దేన్నయినా గురిపెట్టి చూసేది నేత్రపటలం నడిమి భాగంతో. అక్కడ దండాలు లేవు, శంకువులే ఉన్నాయి. మసక వెలుగులో అవి పనిచేయక, చూపు నిలవడానికి పట్టు దొరకదు. ఏళ్ల తరబడి అలా పనిచేసిన బ్రిటన్ గని కార్మికులకు కనుగుడ్లు అదేపనిగా ఊగిసలాడే జబ్బు వచ్చింది. దీపాలు నాట్యం చేస్తున్నట్టు కనబడేవి. తలనొప్పి, కళ్లు తిరగడం ఉండేవి. 1907లో అక్కడ దాన్ని నష్టపరిహారం ఇవ్వవలసిన జబ్బుల్లో చేర్చారు. విద్యుత్తు టోపీ దీపాలు వచ్చి, గనిలో వెలుగు పెరిగాక అది క్రమంగా మాయమయింది. మందుతో కాదు, దీపంతో తగ్గిన జబ్బు అది! గని గోడలకు చల్లే సున్నపురాయి పొడి కూడా ఇందుకు కొంత సాయపడుతుంది. దాని అసలు పని బొగ్గు ధూళి పేలకుండా ఆపడమే అయినా, తెల్లగా ఉండడం వల్ల వెలుగును తిప్పికొడుతుంది.

అయితే టోపీ దీపం ఎంత బాగా వెలిగినా ఒక పని చేయలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు మన చర్మంలోని ఒక రకం కొవ్వు పదార్థాన్ని ‘డి’ విటమిన్‌గా మారుస్తాయి. ఎముకలు కాల్షియాన్ని అందుకోవాలంటే ఈ విటమిన్ కావాలి. 1919లో కుర్ట్ హుల్ద్‌షిన్‌స్కీ అనే బెర్లిన్ వైద్యుడు, రికెట్స్‌తో కాళ్లు వంకర్లు పోయిన పిల్లలను అతినీలలోహిత దీపం కింద ఉంచి నయం చేశాడు. సోవియట్ దేశంలో గని కార్మికుల కోసం అలాంటి దీపాల గదులే కట్టారు.

‘మనకు ఎండకేం కొదువ? మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది కదా!’ అంటారు మీరు. నిజమే. కాని తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించిన పరిశీలనలో, పట్నవాసుల్లోనే కాదు, పొలం పని చేసే పల్లెవాసుల్లో కూడా చాలామందికి ‘డి’ విటమిన్ చాలడం లేదని తేలింది. పట్నంలో మరీ తక్కువ. చర్మంలో ఈ విటమిన్ ఎక్కువగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 గంటల మధ్య అని కూడా తిరుపతిలోనే చూశారు. ఆ వేళకు పగటి షిఫ్టువారు భూమి కింద ఉంటారు, రాత్రి షిఫ్టువారు నిద్రలో ఉంటారు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు. ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. జవాబు చింతచెట్టు దగ్గర మొదలవుతుంది. చింతాకు సాయంత్రం ముడుచుకొని పొద్దున విచ్చుకుంటుందని మీకు తెలుసు. అలెగ్జాండరు నౌకాధికారి ఆండ్రోస్తనీస్ రెండువేల మూడువందల ఏళ్ల కిందటే ఇది చూసి రాసి పెట్టాడు. 1729లో ఫ్రాన్సులో డి మైరాన్ ఒక అడుగు ముందుకు వేశాడు. అత్తిపత్తి లాంటి మొక్కను చీకట్లో పెట్టాడు. ఎండ లేకపోయినా ఆకులు వేళకు విచ్చుకున్నాయి, వేళకు ముడుచుకున్నాయి! అంటే గడియారం మొక్కలోనే ఉందన్నమాట.

మనిషిలోనూ ఉంది. 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి యువకుడు గడియారం లేకుండా రెండు నెలలు గుహలో గడిపాడు. సెప్టెంబరు 14న బయటికి పిలిస్తే, ఆగస్టు 20 అనుకున్నాడు! లెక్క తప్పింది గాని, అతని శరీరం మాత్రం సుమారు 24 గంటల లయలోనే నిద్రపోయి, లేచింది. ఈ గడియారం మెదడులో ఉంటుంది. దాన్ని రోజూ సరిచేసేది కంటిలోంచి వచ్చే వెలుగే. ఇందుకోసం శంకువులు, దండాలు కాక మూడో రకం కణాలు కంటిలో ఉన్నాయని 2002 నాటికి తెలిసింది. నీలి వెలుగుకు అవి బాగా స్పందిస్తాయి. చీకటి పడ్డాక పీనియల్ గ్రంథి విడుదల చేసే మెలటోనిన్ ‘రాత్రయింది’ అని ఒళ్లంతటికీ కబురు చెబుతుంది. వెలుగు పడితే ఆ కబురు ఆగిపోతుంది. గడియారంలోని జన్యువులను వివరించిన హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది.

కాబట్టి శరీరం సూర్యుడి మాటే వింటుంది. రాత్రి షిఫ్టు నుంచి వచ్చే నాన్న దారిలో పొద్దుటి ఎండ చూస్తాడు. గడియారం ‘లే, తెల్లవారింది!’ అంటుంది. పడుకున్నా నిద్ర తునకలుగానే వస్తుంది. షిఫ్టు మారితే మళ్లీ మొదటికి వస్తుంది. నిద్రలేమి ఆకలిని, రక్తపోటును పాడు చేయడమే కాదు, భూమి కింద ఒక్క క్షణం ఏమరుపాటు ప్రాణం మీదికి తెస్తుంది. మీ ఇంట్లో అలాంటివారుంటే వారు పడుకునే గది కిటికీకి మందపాటి ముదురు దుప్పటి కట్టండి. టీవీ ఆపండి. వారు లేచాక సాయంత్రం కాసేపు ఆరుబయట కూర్చోనివ్వండి.

చింతగింజలు నాటి, నాలుగైదు ఆకులు వచ్చాక ఒక మొక్కను వెలుగు చొరబడని అట్టపెట్టెలో పెట్టండి. రెండోదాన్ని ఆరుబయట ఉంచండి. టార్చికి ఆకుపచ్చ కాగితం చుట్టి, ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం, సాయంత్రం ఆరింటికి పెట్టె తెరిచి ఒక్క క్షణం చూసి మూసేయండి. ఆకులు విచ్చుకున్నాయా, ముడుచుకున్నాయా? రెండు మొక్కలకూ రెండు రోజులపాటు వేళలు రాసుకోండి.