ష్టుట్‌గార్ట్ వంటింట్లో హోసూరు రుచి

* తమిళం చదివిన కొడుకు.. కన్నడం చదివిన కోడలు.. జర్మన్ మాట్లాడే మనవరాలు
* అందరినీ ఒకచోట కూర్చోబెట్టిన అవ్వ వంటల పుస్తకం

హోసూరు: మూలలు నలిగిన ఓ నోటు పుస్తకం. పితికిపప్పు, ఉప్పుచారు, బస్సారు... పేజీకో వంట. 2025 జూన్ నెలాఖర్లో హోసూరు నుంచి జర్మనీ బయలుదేరిన ఓ అవ్వ పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలో పెట్టుకున్నది ఈ పుస్తకాన్నే. ష్టుట్‌గార్ట్‌లో ఉంటున్న కొడుకూ కోడలూ ఫోన్లో అడిగిన వంటలన్నీ అందులో తెలుగులో రాశారు. కొడుక్కి తెలుగు చదవడం రాదని ఆమెకు తెలుసు. అయినా రాశారు. ఆమెకు వచ్చిన అక్షరాలు అవే మరి.

సరిహద్దు ఇళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒకటి, బజార్లో ఇంకొకటి. ఇన్నాళ్లూ ఆ బడీ బజారూ తమిళనాడులోనో, కర్ణాటకలోనో ఉండేవి. ఇప్పుడు జర్మనీలో ఉన్నాయి. ఆ దూరం మాటను కూడా మింగేస్తుందేమోనన్నదే అవ్వ బెంగ.

ఒక ఇల్లు.. నాలుగు చదువులు

అవ్వ చదివింది హోసూరు తెలుగు బడిలో, ఎనిమిదో తరగతి వరకు. కొడుకుది ఇంగ్లిషు మీడియం, రెండో భాష తమిళం. కోడలిది కోలారు జిల్లా ముళబాగిలు. పుట్టింట్లో తెలుగు, బడిలో కన్నడం. ఆరేళ్ల మనవరాలు పుట్టింది ష్టుట్‌గార్ట్‌లోనే. కిండర్‌గార్టెన్‌లో నేర్చింది జర్మన్.

హోసూరుకు, బెంగళూరుకు మధ్య దూరం 40 కిలోమీటర్లే. రోజూ ఆ దూరం వెళ్లొస్తూ ఉద్యోగం చేసిన కొడుకు, బండ్ల విడిభాగాల డిజైన్ పనిమీద ఎనిమిదేళ్ల కిందట జర్మనీ చేరారు. మెర్సిడెస్ బెంజ్, పోర్షే సంస్థల సొంత ఊరు ష్టుట్‌గార్ట్. బండ్ల పని తెలిసిన ఇంజినీర్లకు అక్కడ చోటు దొరుకుతుంది. 2024లో జర్మనీ ప్రభుత్వం భారతీయ నిపుణులకు ఇచ్చే వీసాల పరిమితిని ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని ప్రకటించింది.

ఆదివారం కాల్‌లో అవ్వ ''ఏమి తినినావు కన్నా?'' అని అడిగేవారు. మనవరాలికి మాట అర్థమయ్యేది. జవాబు మాత్రం జర్మన్‌లో వచ్చేది. కొడుకు దాన్ని తెలుగులో చెప్పేవారు. ''నా మనవరాలితో మాట్లాడేదానికి నాకు నడమ ఒక మనిషి కావాల్నా?'' అన్నది అవ్వ బాధ. ప్రయాణానికి అసలు కారణం అదే.

ఆదివారం అంగడి లేదు

బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం. విమానాశ్రయాన్ని ఆనుకునే రైల్వే స్టేషన్. వేగ రైలెక్కితే గంటన్నర లోపే ష్టుట్‌గార్ట్.

అక్కడ మొదటి వారమంతా నియమాలు నేర్చుకోవడంతోనే సరిపోయింది. ఆదివారం అంగళ్లు తెరవరు. శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. చెత్త వేరు చేయడానికి రంగురంగుల డబ్బాలు. ఖాళీ ప్లాస్టిక్ నీళ్ల సీసాను అంగట్లోని యంత్రంలో వేస్తే 25 సెంట్లు తిరిగొస్తాయి. ఆ పని మనవరాలిది. చలికాలమైనా సరే రోజుకు రెండుమూడు సార్లు కిటికీలు బార్లా తెరిచి గాలి ఆడనివ్వాలి. లేదంటే గోడలకు బూజు పడుతుంది. తాలింపు ఘాటుకు కూడా అదే మందు.

హోసూరులో తెల్లవారుజామున అయిదింటికే గ్రైండర్ తిప్పే అలవాటు ఆమెది. అక్కడ రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్ద వేళ. ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. పిండి శనివారం మధ్యాహ్నమే రుబ్బారు. చలిరోజుల్లో పిండి పులియడానికి కోడలు కనిపెట్టిన ఉపాయం వేరు. ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి, గిన్నెను రాత్రంతా అందులో ఉంచడం. దీపం వెచ్చదనానికే పిండి పొంగుతుంది.

మధ్యాహ్నం వేడి భోజనం, రాత్రికి రొట్టె, చీజ్, దోసకాయ ముక్కలు... జర్మన్ ఇళ్ల పాత అలవాటు ఇది. రాత్రి తిండికి వాళ్లు పెట్టుకున్న పేరే 'సాయంత్రపు రొట్టె'. పనిరోజుల్లో ఈ ఇంట్లోనూ అదే నడుస్తోంది. ''రాత్రిపూట చల్లటి కూడా?'' అని అవ్వ మొదట మొహం చిట్లించినా, పుల్లటి పిండితో కాల్చే నల్ల రొట్టెకు ఎర్రకారం రాసుకుని తినడం నెల తిరక్కుండానే మరిగారు.

నూల్‌కోల్ అక్కడిదే!

బయలుదేరేముందు కూరగాయల గురించే ఎక్కువ దిగులు. తీరా చూస్తే, హోసూరు, బెంగళూరు వైపు సాంబారులో వేసే నూల్‌కోల్ అక్కడ ప్రతి అంగట్లో ఉంది. జర్మన్లు దాన్ని 'కోల్‌రాబి' అంటారు. పచ్చిగానే ముక్కలు కోసి పిల్లల టిఫిన్ డబ్బాలో పెడతారు. కన్నడవాళ్లు సబ్బసిగె అనే సోయకూరకూ కొదవ లేదు. అక్కడ దోసకాయ సలాడ్‌లో వేస్తారు. బస్సారుకు కావలసిన ఆకు దొరికిపోయింది. నెయ్యి మోసుకెళ్లాల్సిన పనీ లేదు. వెన్న కాచి తీసిన 'బుట్టర్‌ష్మాల్ట్స్' డబ్బాల్లో అమ్ముతారు.

బెండకాయ, వంకాయ, కొత్తిమీర, పుదీనా టర్కీవాళ్ల అంగట్లో దొరుకుతాయి. రాగిపిండికి, మునక్కాయకు, కరివేపాకుకు శ్రీలంక తమిళుల అంగడే దిక్కు. అక్కడ రాగిపిండి పేరు కురక్కన్ మా. అవ్వ ఒక్కరే వెళ్లి, తమిళంలో బేరమాడి, తిరిగొచ్చారు. జర్మనీలో ఆమె సొంతంగా చేసిన మొదటి పని అదే. ''ఈ ఊర్లో నా తమిళం పనికొస్తుందని ఎవురికి తెలుసు?'' అని మురిసిపోయారు.

ఆగస్టులో కుటుంబమంతా హామ్ పట్టణంలోని శ్రీ కామాక్షి అంబాళ్ గుడికి వెళ్లొచ్చింది. శ్రీలంక తమిళులు 2002లో కట్టి నిలబెట్టిన గోపురం గుడి అది. దగ్గరి ఊళ్లకు తిరగడానికి నెలవారీ 'డాయిష్‌లాండ్ టికెట్' ఉంది. 2023 మేలో 49 యూరోలతో మొదలైన ఈ టికెట్ 2025లో 58, 2026 జనవరి నుంచి 63 యూరోలైంది. దేశమంతటా సిటీ బస్సులు, ట్రామ్‌లు, ప్రాంతీయ రైళ్లలో చెల్లుతుంది. వేగ రైళ్లలో చెల్లదు. అందుకే హామ్ ప్రయాణానికి వేరే టికెట్లు ముందుగానే కొన్నారు.

''నేను పితుకుతా''

ఇక పుస్తకం సంగతి. కొడుకు తిరగేసి పక్కన పెట్టారు. కోడలు తీసుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టారు. తెలుగు, కన్నడ లిపులు ఒకే వేరు నుంచి వచ్చినవి. క, త, శ లాంటి కొన్ని అక్షరాల దగ్గర తడబాటు తప్ప, కన్నడం వచ్చినవాళ్లు తెలుగు రాతను చాలావరకు పోల్చుకోగలరు. ''అనపగింజలు రాత్రి నానబెట్టి...'' అని ఆమె పైకి చదువుతుంటే అవ్వ నోట మాట రాలేదు. ముళబాగిలు కన్నడ బడి చదువు ష్టుట్‌గార్ట్‌లో తెలుగుకు పనికొచ్చింది.

హోసూరు, కుప్పం ప్రాంతాల్లో చలికాలం వస్తే పితికిపప్పు చేయని ఇల్లు ఉండదు. పచ్చి అనపగింజలు నానబెట్టి, ఒక్కో గింజనూ వేళ్ల మధ్య పితికి తోలు తీయాలి. కొబ్బరి, ధనియాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి, చెక్క, లవంగం నూరి కలిపి ఉడికించాలి. పక్కన రాగిముద్ద ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. ష్టుట్‌గార్ట్‌లో పచ్చి గింజలు లేవు. భారతీయ అంగట్లో ఫ్రీజర్‌లో పెట్టి అమ్మేవి తెచ్చారు.

గింజ నొక్కితే పప్పు చటుక్కున ఎగిరిపడుతుంది. అది చూసి మనవరాలు పీట లాక్కుని పక్కన చేరింది. ''నేను పితుకుతా అవ్వా'' అంది. నడమ ఎవరూ లేకుండా ఆ పిల్ల అవ్వకు చెప్పిన మొదటి నిండు మాట అది. పితకడానికి ఆమెకు జర్మన్‌లో మాట దొరకలేదు. అక్కడ అలాంటి పని లేదు మరి.

మూట కట్టేముందు

జర్మనీలో పిల్లల దగ్గరకు వెళ్లే పెద్దలు గమనించాల్సినవి కొన్ని...

* సందర్శకుల వీసాపై 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి.
* నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు తీసుకెళ్లకూడదు. పాల, మాంస పదార్థాలను అనుమతించరు.
* తాజా కరివేపాకు, మామిడికాయలు, కూరగాయలకు 2019 డిసెంబరు నుంచి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. కొబ్బరికాయ, అరటి, అనాస, ఖర్జూరాలకు అక్కర్లేదు.
* అక్కడా 230 వోల్టుల కరెంటే కాబట్టి మన మిక్సీ పనిచేస్తుంది. ప్లగ్ మాత్రం వేరు. ఇండక్షన్ పొయ్యి ఉన్న ఇంటికి అల్యూమినియం పాత్రలు దండగ.

డబ్బాల మీద అక్షరాలు

సెప్టెంబరు మధ్యలో మనవరాలు ఒకటో తరగతిలో చేరింది. బడిలో చేరే రోజు పిల్లల చేతికి నిలువెత్తు కాగితపు పొట్లం ఇవ్వడం అక్కడి ఆచారం. అందులో మిఠాయిలు, పెన్సిళ్లు నింపుతారు. అవ్వ అడుగున అక్కడి నెయ్యితోనే చేసిన సున్నుండలు పెట్టారు. మర్నాటి నుంచి పిల్ల బడిలో జర్మన్ అక్షరాలు, సాయంత్రం వంటింట్లో తెలుగు అక్షరాలు దిద్దింది. పోపుల డబ్బాలపై అంటించే చీటీలే పలక. ఒకవైపు జర్మన్ పేరు, రెండోవైపు తెలుగు పేరు.

90 రోజులు నిండకముందే అవ్వ హోసూరు వచ్చేశారు. పుస్తకం అక్కడే వదిలారు. ఆదివారం కాల్ మళ్లీ మొదలైంది. వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటల తేడా. మనవరాలి జవాబుల్లో సగం ఇప్పటికీ జర్మనే. మిగతా సగం కోసం అవ్వ కాచుకుని కూర్చుంటారు. మొన్నటి కాల్‌లో ఆ పిల్ల ఉప్పు డబ్బా కెమెరా ముందు పెట్టి చూపించింది. చీటీ మీద 'ఉపు' అని ఉంది. ''ఇంకొక ప కింద పెట్టాల కన్నా'' అన్నారు అవ్వ. పిల్ల పెన్సిలు తేవడానికి పరిగెత్తింది.