వైఫై లేదు, బ్లూటూత్ లేదు... అయినా సంతకంలోంచే కీ జారిపోవచ్చు!

హార్డ్‌వేర్ వాలెట్ల యాడ్‌లు ఎన్ని చూసినా ఒకటే పాట. వైఫై లేదు, బ్లూటూత్ లేదు, కొన్నిటికైతే యూఎస్‌బీ పోర్ట్ ఉన్నది ఛార్జింగ్‌కే. చిన్న స్క్రీన్, ఒక కెమెరా, రెండు బటన్లు. ఫోన్‌లో యాప్ ఒక క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. డివైస్ దాన్ని స్కాన్ చేసి, లోపలే సంతకం చేసి, తిరిగి ఇంకో క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. మీ ప్రైవేట్ కీ ఈ డబ్బా దాటి బయటికి రాదు అని గ్యారంటీ. దీన్నే ఎయిర్ గ్యాప్ అంటారు.

బాగానే ఉంది. కానీ ఒకటి మాత్రం ప్రతిసారీ బయటికి వస్తోంది కదా? సంతకం. అది బయటికి రాకపోతే ఆ డివైస్ కొన్నదే దండగ. ఆ సంతకం లోపల ఒక రహస్య సందేశం పట్టేంత చోటు ఉంది. సందేశం దాచినా సంతకం మాత్రం నూటికి నూరుపాళ్లు కరెక్ట్‌గానే వెరిఫై అవుతుంది. దీనికి క్రిప్టోగ్రఫీలో సబ్‌లిమినల్ ఛానల్ అని పేరు.

ఈ ఐడియా మనకు కొత్తేం కాదు. ఎమ్మెల్యే సిఫార్సు లెటర్ల గురించి ఊళ్లో చెప్పుకునే కథ వినే ఉంటారు. పచ్చ ఇంకుతో సంతకం పెడితే "పని చేసి పెట్టండి" అని అర్థం, నీలం ఇంకు అయితే "పక్కన పడేయండి" అని. లెటర్ తెచ్చినవాడికి రెండూ ఒకటే. సంతకం అసలైనదే, లెటర్‌హెడ్ అసలైనదే. అసలు మాట మాత్రం ఇంకు రంగులో వెళ్లిపోయింది. డిజిటల్ సంతకంలో ఆ ఇంకు రంగు ఎక్కడుంటుందో చూద్దాం.

మిసైళ్ల లెక్క దగ్గర మొదలైంది

1978లో అమెరికా, సోవియట్ యూనియన్ అణ్వాయుధాల ఒప్పందం మీద చర్చలు జరుపుతున్నాయి. అమెరికా దగ్గర వెయ్యి సైలోలు ఉన్నాయి, అంటే మిసైల్‌ని నేలలో నిలబెట్టే గోతులు. వాటిలో ఎన్నిటిలో మినిట్‌మ్యాన్ మిసైళ్లు ఉన్నాయో రష్యా వాళ్లు లెక్క చూసుకోవచ్చు, కానీ ఏ సైలోలో ఉన్నాయో మాత్రం తెలియకూడదు. దీనికి ఒక పద్ధతి ఆలోచించారు. వచ్చే మెసేజ్‌లు అసలైనవే అని రష్యా నమ్మాలి కాబట్టి వాటికి డిజిటల్ సంతకం ఉండాలి. ఆ సంతకాన్ని అమెరికా ఫోర్జరీ చేయలేకుండా ఉండాలి.

శాండియా నేషనల్ ల్యాబొరేటరీస్‌లో పనిచేసే గుస్టావస్ సిమన్స్ ఇక్కడే ఒక చిక్కు పట్టుకున్నాడు. ఆ సంతకాల్లోనే గుట్టుగా కొన్ని బిట్లు పంపొచ్చు, అవతలివాళ్లు ఎంత చూసినా పట్టుకోలేరు. వెయ్యి సైలోల్లో ఒకదాన్ని చూపించడానికి ఎన్ని బిట్లు కావాలి? పది చాలు. 2 పవర్ 10 అంటే 1024. ఏ రహస్యం కాపాడటానికి ఈ ఏర్పాటంతా చేశారో, ఆ రహస్యం మొత్తం పది బిట్లలో బయటపడిపోతుంది.

1983లో క్రిప్టో కాన్ఫరెన్స్‌లో సిమన్స్ దీన్ని ఇద్దరు ఖైదీల కథగా చెప్పాడు. జైలర్ వాళ్ల ఉత్తరాలు చదివే పంపిస్తాడు, దాచిన రాత ఉండకూడదు. ఖైదీలేమో ఉత్తరం నిజంగా అవతలివాడే రాశాడని తేల్చుకోవడానికి సంతకం అడుగుతారు, జైలర్ ఒప్పుకుంటాడు. తప్పించుకునే ప్లాన్ ఆ సంతకంలోనే వెళ్తుంది. పదేళ్ల తర్వాత, 1993లో, అమెరికా ప్రభుత్వం స్టాండర్డ్‌గా తేబోతున్న డీఎస్ఏ సంతకంలో ఈ పని ఎంత సులువో ఆయనే చూపించాడు. బిట్‌కాయిన్‌లో మొదటి నుంచీ ఉన్నది, పాస్‌కీల్లో ఎక్కువగా వాడేది ఆ డీఎస్ఏకి తమ్ముడు లాంటి ఈసీడీఎస్ఏ.

ఒక ఈక్వేషన్, రెండు రహస్యాలు

ఇక్కడ కొంచెం లెక్క ఉంది, భయపడకండి, ఇంటర్ లెవెల్ దాటదు. ఈసీడీఎస్ఏలో సంతకం చేసే ప్రతిసారీ డివైస్ ఒక రహస్య సంఖ్య ఎంచుకుంటుంది. దాన్ని నాన్స్ అంటారు, మనం "కె" అనుకుందాం. కె నుంచి ఆర్ అనే సంఖ్య వస్తుంది. ఆ తర్వాత ఎస్ అనే సంఖ్య: మెసేజ్ హ్యాష్‌కి, ఆర్ ఇంటూ ప్రైవేట్ కీ కలిపి, మొత్తాన్ని కె తో భాగిస్తే వచ్చేది, మాడ్యులో లెక్కలో. ఆర్, ఎస్ ఈ రెండూ కలిస్తే సంతకం.

బయటివాడికి హ్యాష్ తెలుసు, ఆర్ తెలుసు, ఎస్ తెలుసు. తెలియనివి రెండు: కె, ప్రైవేట్ కీ. ఒక ఈక్వేషన్‌తో రెండు తెలియనివి కనుక్కోలేం కాబట్టే సిస్టమ్ సేఫ్‌గా ఉంది. కానీ ఆ రెండిట్లో ఏ ఒక్కటి తెలిసినా రెండోది చిటికెలో వచ్చేస్తుంది. గుట్టంతా ఇక్కడే.

ప్రైవేట్ కీ మీ ఫ్రెండ్ దగ్గర కూడా ఉందనుకోండి. మీరు కె స్థానంలో మీ సందేశం పెట్టి సంతకం చేస్తే, అతను సంతకంలోంచి కె ని బయటికి లాగి చదువుకుంటాడు. 256 బిట్లు, అంటే దాదాపు 32 బైట్లు. దీన్నే తిరగేస్తే దొంగకి పనికొస్తుంది. డివైస్ ఏ కె వాడుతుందో ముందే తెలిసినవాడు, మీ సంతకం కనిపించగానే మీ ప్రైవేట్ కీ లెక్కేసుకుంటాడు.

కె విషయంలో తేడా వస్తే ఏమవుతుందో ఇప్పటికే రెండుసార్లు చూశాం. 2010 డిసెంబర్‌లో ఫెయిల్‌ఓవర్‌ఫ్లో అనే టీమ్ బెర్లిన్‌లో స్టేజ్ మీద చూపించింది: సోనీ తన పీఎస్3 కోసం చేసే సంతకాలన్నిటికీ ఒకే కె వాడుతోందని. రెండు సంతకాలు, రెండు ఈక్వేషన్లు, రెండు తెలియనివి. కీ బయటికొచ్చేసింది. 2013 ఆగస్ట్‌లో ఆండ్రాయిడ్‌లో ర్యాండమ్ నంబర్లు సరిగ్గా రాక కొన్ని బిట్‌కాయిన్ వాలెట్ యాప్‌లు కె ని రిపీట్ చేశాయి, కాయిన్లు పోయాయి. అవి రెండూ పొరపాట్లు. అదే పని ఎవడైనా కావాలని చేస్తే?

కె ని ముట్టుకోకపోయినా దారి ఉంది

ఒక కె తో సంతకం చేసి, ఆర్ చివరి బైట్ చూడండి. మీకు కావాల్సిన అక్షరం రాలేదా? ఇంకో కె తో మళ్లీ చేయండి. సగటున 256 సార్లు ప్రయత్నిస్తే ఒక బైట్ కుదురుతుంది. పైథాన్‌లో పట్టుమని పదిహేను లైన్లు కూడా పట్టదు. ఇంగ్లిష్ అక్షరమైతే ఒక సంతకానికి ఒకటి. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు తింటుంది కాబట్టి మూడు సంతకాలు (ఇక్కడ కూడా మనకే ఖర్చెక్కువ!). దీన్ని గ్రైండింగ్ అంటారు. ప్రతి బిట్‌కీ పని రెట్టింపవుతుంది: 16 బిట్లకి 65,536 ప్రయత్నాలు, 32 బిట్లకి దాదాపు 430 కోట్లు. చిన్న చిప్‌కి అంత ఓపిక ఉండదు కాబట్టి ఈ దారి ఇరుకైనదే.

గ్రైండింగ్ చేశారంటే దొంగలే అనుకోవద్దు. బిట్‌కాయిన్ కోర్ 0.17 వెర్షన్ నుంచీ ఆ పనే చేస్తోంది. ఆర్ కొంచెం చిన్నగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ సంతకం చేసి, ఒక బైట్ మిగులుస్తుంది. ఉద్దేశం మంచిదే. కానీ బయటి నుంచి చూసేవాడికి మంచి గ్రైండింగ్‌కీ చెడ్డ గ్రైండింగ్‌కీ తేడా ఎలా తెలుస్తుంది?

డార్క్ స్కిప్పీ: రెండు సంతకాలతో పన్నెండు పదాలు

2024 ఆగస్ట్‌లో లాయిడ్ ఫోర్నియర్, నిక్ ఫారో, రాబిన్ లైనస్ అనే ముగ్గురు డార్క్ స్కిప్పీ పేరుతో ఒక పద్ధతి బయటపెట్టారు. మామూలుగా ఇలాంటి దాడిలో ఒక సంతకానికి ఒక కీ మాత్రమే పోతుంది అనుకుంటాం. వీళ్లు చూపించింది వేరు. మొత్తం వాలెట్‌కి మూలమైన 12 పదాల సీడ్‌నే రెండు సంతకాల్లో బయటికి పంపొచ్చు.

లెక్క చూడండి. 12 పదాలంటే 128 బిట్ల రహస్యం. దాన్ని రెండు 64 బిట్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కని ఒక్కో సంతకంలో కె గా వాడతారు. 256 బిట్లు ఉండాల్సిన కె 64 బిట్లకి కుదించుకుపోయింది కాబట్టి, పొల్లార్డ్ కంగారూ అనే పాత అల్గారిదమ్‌తో దాన్ని వెతికి పట్టుకోవచ్చు. సుమారు 2 పవర్ 32 స్టెప్పులు, మంచి కంప్యూటర్‌కి పెద్ద పనేం కాదు. దారిన పోయే ఇంకెవరూ ఇలా పట్టుకోకుండా, దొంగకి మాత్రమే విడిపోయేలా దానిమీద ఒక ముసుగు కూడా వేయొచ్చు.

దొంగ మీ ఇంటికి రానక్కర్లేదు, మీ ఫోన్ హ్యాక్ చేయనక్కర్లేదు. బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ పబ్లిక్ కాబట్టి, తన చోట కూర్చుని బ్లాక్‌చెయిన్‌లో పడే సంతకాలు చూసుకుంటే చాలు. రెండు ఇన్‌పుట్‌లున్న ఒక్క లావాదేవీలోనే రెండు సంతకాలుంటాయి. దీనికి కావాల్సింది ఒక్కటే: డివైస్‌లో చెడ్డ ఫర్మ్‌వేర్ ఉండాలి. అది ఫేక్ అప్‌డేట్ వల్ల కావచ్చు, సెకండ్ హ్యాండ్ డివైస్ కావచ్చు, ఎక్కడో గోడౌన్‌లో సీల్ విప్పి మళ్లీ వేసిన పెట్టె కావచ్చు. ఎయిర్ గ్యాప్ ఇక్కడ ఎందుకూ పనికిరాదు. గాలిలోంచి కాదు, మీరు మీ చేత్తో స్కాన్ చేసిన క్యూఆర్ కోడ్‌లోంచే సీడ్ వెళ్లిపోయింది.

మరి మందు లేదా?

చాలామంది చెప్పే మొదటి జవాబు ఆర్ఎఫ్‌సీ 6979. 2013లోనే వచ్చింది. కె ని ర్యాండమ్‌గా తీసుకోకుండా ప్రైవేట్ కీ, మెసేజ్ రెండిటి నుంచి ఒక ఫార్ములాతో పుట్టిస్తారు. ఎడ్25519 సంతకాలు కూడా ఈ దారిలోనే నడుస్తాయి. పొరపాట్లు ఆపడానికి ఇది బ్రహ్మాండం. కానీ డివైస్ ఆ ఫార్ములా నిజంగా పాటించిందా అని చెక్ చేయాలంటే ప్రైవేట్ కీ కావాలి. అది డివైస్ లోపల ఉంది. అంటే డివైస్ మాట డివైసే చెప్పాలి. దొంగ ఫర్మ్‌వేర్ "నేను రూల్ ప్రకారమే చేశా" అంటే నమ్మడం తప్ప చేసేదేం లేదు. స్పెక్ షీట్‌లో ఈ నంబర్ కనిపించగానే మార్కులు వేసేయొద్దు.

నా దృష్టిలో అసలైన మందు యాంటీ-ఎక్స్‌ఫిల్, కొందరు యాంటీ-క్లెప్టో అంటారు. ఆలోచన సింపుల్‌గా ఉంటుంది. కె ని డివైస్ ఒక్కటే ఎంచుకోదు, ఫోన్‌లోని యాప్ కూడా చెయ్యి వేస్తుంది. ముందు డివైస్ తన కె కి సంబంధించిన పబ్లిక్ పాయింట్‌ని ఇచ్చి మాటకి కట్టుబడుతుంది. ఆ తర్వాతే యాప్ తన ర్యాండమ్ సంఖ్య బయటపెడుతుంది. డివైస్ రెండూ కలిపి సంతకం చేయాలి. కలిపిందో లేదో యాప్ ప్రైవేట్ కీ లేకుండానే లెక్కేసి చూసుకోగలదు. కలపకపోతే సంతకాన్ని పారేస్తుంది. యాప్ సంఖ్య ముందే తెలియదు కాబట్టి డివైస్‌కి గ్రైండింగ్ చేసే వీలు కూడా పోతుంది. బిట్‌బాక్స్02, బ్లాక్‌స్ట్రీమ్ జేడ్ వాలెట్లు దీన్ని ఇచ్చాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. డివైస్, యాప్ రెండూ ఒకే దొంగ చేతిలో ఉంటే ఏం చేసినా అంతే. నచ్చని సంతకం వచ్చినప్పుడల్లా డివైస్ ఎర్రర్ చూపించి మళ్లీ చేయించుకుంటే ఒకటీ అరా బిట్లు జారొచ్చు. అందుకే సంతకం మాటిమాటికీ ఫెయిలయ్యే వాలెట్‌ని అనుమానించాల్సిందే. సీడ్ పుట్టించినప్పుడే డివైస్ మోసం చేస్తే దీనికి దొరకదు. ఇంకొకటి, ఇందులో మాటలు రెండుసార్లు అటూ ఇటూ నడవాలి. యూఎస్‌బీ అయితే మీకు తెలియనే తెలియదు. క్యూఆర్ అయితే నాలుగుసార్లు స్కాన్ చేయాలి. అంటే కేబుల్ ఉన్న వాలెట్‌లో ఇది పెట్టడం సులువు, అసలు కేబులే లేదని గొప్పలు చెప్పుకునే వాలెట్‌లో కష్టం.

ఫోన్ పాస్‌కీల సంగతి?

పాస్‌కీతో లాగిన్ అయిన ప్రతిసారీ మీ ఫోన్ ఒక సంతకం చేస్తుంది, ఎక్కువగా ఈసీడీఎస్ఏనే. కానీ ఇక్కడ దోచుకునేది తక్కువ. ప్రతి సైట్‌కి కీ వేరు, సంతకం ఆ సైట్‌కే వెళ్తుంది, పబ్లిక్‌గా పడదు. భయపడాల్సింది ట్రాకింగ్ గురించి. సెక్యూరిటీ కీల్లో ఒకే అటెస్టేషన్ కీని కనీసం లక్ష డివైస్‌లకు ఉమ్మడిగా పెట్టమంటారు, ఏ డివైస్ ఎవరిదో తెలియకూడదని. లక్షలో ఒకరిని గుర్తుపట్టడానికి 17 బిట్లు చాలు. మూడు లాగిన్లకి ఆరేసి బిట్లు గ్రైండ్ చేస్తే, సైట్‌తో కుమ్మక్కైన చిప్ మిమ్మల్ని పట్టించేస్తుంది. ఇలా జరిగిందని కాదు, చోటు ఉందని చెప్తున్నా.

అన్ని సంతకాల్లోనూ ఈ చోటు ఉండదు. ఆర్ఎస్ఏలో పాత పీకేసీఎస్ 1.5 పద్ధతిలో ఒక కీకి, ఒక మెసేజ్‌కి ఒకే ఒక్క సంతకం వస్తుంది, దాచడానికి సందు లేదు. కొత్తదైన పీఎస్ఎస్‌లో ర్యాండమ్ సాల్ట్ ఉంది, అక్కడ సందు ఉంది. మీ ఆడిటర్ జీఎస్టీ, ఐటీ రిటర్న్‌ల కోసం వాడే డీఎస్‌సీ టోకెన్ ఉంటుంది చూడండి (టీచర్ పోస్టుల డీఎస్సీ కాదు, డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్!), అందులో పాత ఆర్ఎస్ఏ పద్ధతి నడుస్తుంటే ఈ ఒక్క విషయంలో అది మన ఖరీదైన వాలెట్ల కన్నా మెరుగు.

వాలెట్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు కంపెనీ సపోర్ట్‌కి ఒక మెయిల్ పెట్టి చూడండి: "మీ డివైస్ సంతకంలో నాన్స్ ఎలా వస్తుంది, దాన్ని నా ఫోన్ చెక్ చేయగలదా?" అని. "సెక్యూర్ ఎలిమెంట్ ఉంది, మిలిటరీ గ్రేడ్" అని తిప్పి పంపితే ఆ మోడల్ పక్కన పెట్టేయండి. యాంటీ-ఎక్స్‌ఫిల్ ఉంది అంటే రెండో ప్రశ్న అడగండి: అది మీ సొంత యాప్‌లోనేనా, వేరే వాళ్లు రాసిన వాలెట్ యాప్‌లో కూడా పనిచేస్తుందా?