పెద్దమనిషి కాని అమ్మాయి: తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

ఈడొచ్చిన అమ్మాయి ఇంకా పెద్దమనిషి కాలేదంటే మన ఇళ్ళలో రెండు మాటలు వినబడతాయి. "వాళ్ళ మేనత్త కూడా ఆలస్యంగానే అయింది" అనేది ఒకటి. "పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అనేది ఇంకొకటి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాటలు నమ్మి ఏళ్ళు గడిపేవారు ఉన్నారు. పెళ్ళి కుదిరాక, లేదా అమ్మాయిని అత్తవారు తిప్పి పంపాక ఆస్పత్రికి వస్తే ఆ అమ్మాయి పడే బాధ చెప్పనలవి కాదు. అందుకే ఈ విషయాన్ని దాపరికం లేకుండా వివరిస్తున్నాము.

ఎప్పుడు చూపించాలి?

రొమ్ములు పెరిగినా, 15 ఏళ్ళు నిండినా బహిష్టు రాకపోతే స్త్రీల డాక్టరుకు చూపించాలి. 13 ఏళ్ళకు రొమ్ముల ఎదుగుదలే మొదలుకాకపోతే అప్పుడే చూపించాలి. బహిష్టు కనబడకుండా నెలనెలా పొత్తికడుపు నొప్పి వస్తుంటే ఒక్క నెల కూడా ఆగవద్దు. రక్తం బయటికి దారి లేక లోపలే నిలిచిపోతూ ఉండవచ్చు. దానికి వైద్యం వేరు, త్వరగా చేయాలి.

ఏమిటీ లోపం?

సుమారు 4,500 నుంచి 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి పుట్టుకతోనే గర్భసంచి, యోనిమార్గం ఏర్పడవు, లేదా సగంలోనే ఆగిపోతాయి. దీనిని గుర్తించిన వైద్యుల పేర్లలోని మొదటి అక్షరాలతో డాక్టర్లు ఎం.ఆర్.కె.హెచ్. అంటారు. ఈ అమ్మాయిలకు అండాశయాలు మామూలుగా పనిచేస్తాయి. అందుకే రూపం, గొంతు, శరీరం ఎదుగుదల అన్నీ తోటి ఆడపిల్లల్లాగే ఉంటాయి. క్రోమోజోములు కూడా ఆడవారివే. కాబట్టి "ఆడపిల్లే కాదు" అనే మాట అబద్ధం, క్రూరం కూడా. గ్రహణం పట్టడం వల్లనో, తల్లి చేసిన తప్పు వల్లనో ఇది రాదు.

స్కానింగు, రక్త పరీక్షలు, అవసరమైతే ఎం.ఆర్.ఐ. చేసి నిర్ధారిస్తారు. ఇలాంటివారిలో సుమారు మూడోవంతు మందికి మూత్రపిండం ఒకటే ఉండటం, లేక చోటు తప్పి ఉండటం జరుగుతుంది. అందువల్ల కిడ్నీల స్కానింగు కూడా తప్పక చేయించాలి. బహిష్టు రావడానికని మాత్రలు మింగించడం వల్ల లేని గర్భసంచి రాదు.

మొదటి వైద్యం కత్తి కాదు

చాలామందికి ఆపరేషనే అవసరం పడదు. డైలేటరు అనే నున్నని గొట్టం లాంటి సాధనంతో, నర్సు నేర్పిన పద్ధతిలో, అమ్మాయి తానే రోజూ కొంతసేపు మెల్లగా ఒత్తిడి పెడుతూ వస్తే కొన్ని నెలల్లో మార్గం ఏర్పడుతుంది. ఓపికగా చేసినవారిలో పదిమందికి తొమ్మిదిమంది పైగా ఫలితం పొందుతారు. అలా కుదరని వారికే ఆపరేషన్.

పాత పద్ధతిలో తొడ మీది చర్మం తీసి లోపల అతికేవారు. కాన్పులో వచ్చే ఉమ్మనీటి సంచి పొరను వాడే పద్ధతి కూడా ఉంది. ఇప్పుడు పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ లాప్రోస్కోపీ పద్ధతిలో చేసే ఆపరేషన్లు వచ్చాయి. ఒక పద్ధతిలో పొట్ట లోపలి పల్చని పొరను కిందికి దించి మార్గానికి గోడగా కుడతారు. మరొకటి ఇటలీ వైద్యుడు వెక్కియెట్టి 1965లో తెలిపిన పద్ధతి. యోని ఉండవలసిన చోట చిన్న పూస ఉంచి, దాని దారాలను పొట్ట మీదికి తెచ్చి, రోజుకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున బిగిస్తారు. వారం రోజుల్లో మార్గం సాగుతుంది. కోత చిన్నది కాబట్టి నొప్పి తక్కువ, త్వరగా లేచి తిరగవచ్చు.

అయినా ఇది చిన్న ఆపరేషన్ కాదు. మూత్రసంచికి, మలద్వారానికి దగ్గరగా చేసే పని. అనుభవమున్న పెద్ద ఆస్పత్రిలోనే చేయించాలి. ఏ పద్ధతిలో చేసినా ఆ తరువాత నెలల తరబడి డైలేటరు వాడాలి. వాడకపోతే మార్గం మళ్ళీ మూసుకుపోతుంది.

ముహూర్తం చూసి చేసేది కాదు

మేము ముఖ్యంగా చెప్పేది ఇదే. పెళ్ళి తేదీ పెట్టుకొని, అమ్మాయికి పూర్తిగా చెప్పకుండా ఆపరేషన్‌కు తీసుకురావద్దు. ఇది ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదు, తొందర లేదు. ఆ తరువాతి నెలల శ్రమంతా అమ్మాయిదే. ఆమె పెరిగి, అర్థం చేసుకొని, "నాకు కావాలి" అన్నప్పుడే చేయించాలి. వద్దంటే అదీ ఆమె ఇష్టమే. అబ్బాయి వైపు వారికి దాచి పెళ్ళి చేయవద్దు. గుడిలో పెళ్ళి ప్రకటన చదవకముందే, అమ్మాయి సమ్మతితో, అబ్బాయికి నిజం తెలియాలి. అవసరమైతే ఇద్దరినీ డాక్టరు దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించండి.

పిల్లల సంగతి?

వైద్యంతో దాంపత్య జీవితం సాధ్యమే. కానీ బహిష్టు రాదు, గర్భసంచి లేనందున తానే బిడ్డను మోయడం కుదరదు. అండాలు ఉంటాయి కాబట్టి 2021 సరోగసీ చట్టం నిబంధనల ప్రకారం, అర్హతలున్న దంపతులు మరొకరి గర్భం ద్వారా తమ బిడ్డను పొందవచ్చు. డబ్బు కోసం గర్భం మోయడం మాత్రం నిషేధం. చట్టప్రకారం దత్తత తీసుకోవడం ఇంకో మార్గం. గర్భసంచి మార్పిడి తరువాత 2014లో స్వీడన్‌లో బిడ్డ పుట్టింది గానీ, అది అందరికీ అందే వైద్యం కాదు.

ఇంట్లోవారికి ఒక మాట. "గొడ్రాలు" అనే మాట ఆ అమ్మాయి చెవిన పడనీయకండి. ఆమె చదువు ఆపకండి. ఓపీలో నలుగురి ముందు చెప్పలేకపోతే "నర్సమ్మతో విడిగా మాట్లాడాలి" అనండి, చాలు. తలుపు వేసి వింటాము. విన్నది బయటికి పోదు.