చదరంగమున రాజుపై దాడి

చదరంగము మన దేశమున పుట్టిన ఆట. ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాలిబంట్లు అను నాలుగు అంగములు గల సేనను మన పెద్దలు చతురంగబల మనిరి. ఆ పేరే ఆటకును వచ్చినది. ఈ ఆటలో బలములెన్ని యున్నను గెలుపు రాజును బట్టియే యుండును. మన బలములలో సగము పోయినను, ఎదిరి రాజునకు కదలుటకు చోటు లేకుండ చేసినచో ఆట కట్టినట్లే. కావుననే ఆట క్రొత్తగా నేర్చిన ప్రతి విద్యార్థియు వెంటనే ఎదిరి రాజుపైకి దూకవలెనని తొందరపడును. మూడవ ఎత్తుకో నాలుగవ ఎత్తుకో మంత్రి నొంటరిగా పంపును. ఎదిరి ఒకటి రెండు మంచి ఎత్తులు వేయగానే ఆ మంత్రి వెనుకకు పరుగెత్తును, లేదా చిక్కి చచ్చును. అప్పుడా విద్యార్థి తన అదృష్టమును నిందించుకొనును.

రాజుపై దాడి అదృష్టమువలన ఫలింపదు. వట్టి సాహసమువలనను ఫలింపదు. ముందుగా బలములను కూర్చుకొని, లెక్క వేసి, ఎత్తుల వరుస తప్పకుండ నడిపినప్పుడే ఫలించును. ఈ సంగతిని పోటీలో జరిగిన ఒక ప్రసిద్ధమైన ఆటను తీసికొని వివరింతును. విద్యార్థులు చదరంగపు పలకను ముందుంచుకొని, ఒక్కొక్క ఎత్తును వేయుచు చదువవలెను.

ముందుగా పేర్లను గూర్చి ఒక మాట. ఈ వ్యాసమున మూలలయందుండి నిలువుగను అడ్డముగను నడచు బలమును ఏనుగనియు, ఐమూలగా నడచుదానిని శకట మనియు వ్రాసితిని. మన ఇరుగుపొరుగు కన్నడ బాలురు ఏనుగును ‘ఆనె’ యనియు, శకటమును ‘ఒంటె’ యనియు అందురు. పేరేదైనను నడక ఒక్కటే. తెల్లబలములు గలవాని ఎడమచేతి నుండి కుడిచేతికి నిలువు వరుసలకు ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, జీ, హెచ్ అని పేర్లు. అడ్డువరుసలకు తెల్లవాని వైపునుండి 1 మొదలు 8 వరకు అంకెలు. ‘హెచ్ 7’ అనగా హెచ్ వరుసలో ఏడవ గడి. × గుర్తు చంపుటను తెలుపును. బలము పేరు లేనిచో ఆ ఎత్తు బంటుది.

ఈ ఆట 1889వ సంవత్సరమున హాలెండు దేశమందలి ఆమ్‌స్టర్‌డామ్ నగరమున జరిగిన పోటీలోనిది. తెల్లబలములతో ఆడినవాడు జర్మను దేశీయుడు ఎమాన్యుయెల్ లాస్కర్. అప్పటికతనికి 20 ఏండ్లు. నల్లబలములతో ఆడినవాడు ఆస్ట్రియా దేశపు యోహాన్ బౌయర్. ఈ లాస్కరే 1894లో స్టైనిట్జ్ నోడించి ప్రపంచవిజేతయై, 1921 వరకు 27 సంవత్సరము లా పదవి నిలుపుకొనెను. అతడు గణితశాస్త్రమునందును ప్రసిద్ధుడు. ఆట సాగిన తీరును చూచిన ఆ సంగతి మనకు వింతగా తోపదు.

మొదటి 14 ఎత్తులు ఇవి:

1. ఎఫ్ 4 – డీ 5
2. ఈ 3 – గుఱ్ఱము ఎఫ్ 6
3. బీ 3 – ఈ 6
4. శకటము బీ 2 – శకటము ఈ 7
5. శకటము డీ 3 – బీ 6
6. గుఱ్ఱము సీ 3 – శకటము బీ 7
7. గుఱ్ఱము ఎఫ్ 3 – రెండవ గుఱ్ఱము డీ 7
8. రాజు వైపు కోట – రాజు వైపు కోట
9. గుఱ్ఱము ఈ 2 – సీ 5
10. గుఱ్ఱము జీ 3 – మంత్రి సీ 7
11. గుఱ్ఱము ఈ 5 – గుఱ్ఱము × ఈ 5
12. శకటము × ఈ 5 – మంత్రి సీ 6
13. మంత్రి ఈ 2 – ఏ 6
14. గుఱ్ఱము హెచ్ 5 – గుఱ్ఱము × హెచ్ 5

ఇచ్చట ఆట నొక్క క్షణము నిలిపి, 13వ ఎత్తు ముగిసిన పిమ్మట పలక ఎట్లున్నదో చూడుడు. నల్లరాజు కోటలో జీ 8 గడియందున్నాడు. అతని ముందు మూడు బంట్లు కదలక నిలిచినవి. పైకి చూచినచో కోట పదిలముగానే యున్నది. కాని బలములు ఎచ్చట నున్నవో లెక్కింపుడు. తెల్లశకటములు రెండును ప్రక్కప్రక్క ఐమూలలలో నల్లకోటవైపే చూచుచున్నవి. డీ 3లోనిది హెచ్ 7 బంటుపైనను, ఈ 5లోనిది ఎఫ్ 6 గుఱ్ఱము మీదుగా జీ 7 బంటుపైనను గురిపెట్టినవి. జీ 3లోని గుఱ్ఱ మొక్క దూకులో హెచ్ 5 చేరగలదు. మంత్రికి జీ 4, హెచ్ 5 గడులకు దారి యున్నది. ఎఫ్ 1లోని ఏనుగు ఎఫ్ 3కు లేచి, అక్కడనుండి హెచ్ 3కు పోగలదు. దాడికి సిద్ధమైన తెల్లబలములు ఐదు.

కోటను కాచుటకు నల్లవానికున్న బలములు ఎఫ్ 6 గుఱ్ఱము, ఎఫ్ 8 ఏనుగు, ఈ 7 శకటము అను మూడు మాత్రమే. వీనిలో గుఱ్ఱమే ముఖ్యమైన కావలివాడు. హెచ్ 7ను కాచునది అది. జీ 4, హెచ్ 5 గడులకు శత్రువు రాకుండ చేయునది అది. మిగిలిన మంత్రి, రెండవ శకటము, రెండవ ఏనుగు మంత్రి వైపున దూరముగా నున్నవి. సీ 6 మంత్రికి, బీ 7 శకటమునకు తమ డీ 5 బంటే అడ్డు. మంత్రికి రాజు వైపునకు పోవు దారిలో తమ ఈ 6 బంటే అడ్డు. పలకపై బలము లిరువురకు సమానముగా నున్నను, నల్లరాజు చెంత తెల్లవానికి ఐదు, నల్లవానికి మూడు. దాడి చేయవచ్చునా యను ప్రశ్నకు మొదటి జవాబు ఈ లెక్కయే. బలాధిక్యమో స్థానాధిక్యమో సంపాదింపక చేసిన దాడి న్యాయముగా ఫలింపదని స్టైనిట్జ్ బోధించెను.

నల్లవాడు 13వ ఎత్తున ఏ బంటును నడిపినది తెల్లశకటము బీ 5కు వచ్చి మంత్రిని పట్టకుండుటకు. కారణము లేకపోలేదు. కాని ఆ ఒక్క ఎత్తు రాజునకు తోడ్పడలేదు. తెల్లవాడు వెంటనే గుఱ్ఱమును హెచ్ 5కు పంపెను. నల్లగుఱ్ఱము దానిని చంపుటతో ముఖ్యమైన కావలివాడు ఎఫ్ 6 విడిచి అంచునకు పోయెను.

ఇప్పుడు సామాన్యుడైన ఆటగాడు మంత్రితో హెచ్ 5 గుఱ్ఱమును చంపి, తరువాత హెచ్ 7లో ఆట కట్టుదునని బెదిరించును. కాని నల్లవాడు ఎఫ్ బంటును 5వ గడికి నడిపి, శకటపు దారిని మూసివేయును. బెదిరింపు చల్లారును. అందుచే లాస్కర్ వరుస మార్చెను.

15. శకటము × హెచ్ 7, చెక్ – రాజు × హెచ్ 7
16. మంత్రి × హెచ్ 5, చెక్ – రాజు జీ 8

ముందు శకటము నర్పించి, పిదప మంత్రితో గుఱ్ఱమును చంపెను. రెండును చెక్ చెప్పు ఎత్తులే కావున నల్లవానికి ఎఫ్ బంటును నడుపుటకు తీరిక దొరకలేదు. బలములు అవే, గడులు అవే. వరుస మారినందున ఫలము మారినది. గణితమునందు కూడికకు వరుసతో పనిలేదు. చదరంగమున వరుసయే సర్వము.

ఇక్కడ తెల్లవాడు ఏనుగును తెచ్చుట కాలస్యము చేసినచో నల్లవాడు ఎఫ్ బంటును నడిపి రాజునకు దారి చేసికొనును. కావున రెండవ అర్పణము:

17. శకటము × జీ 7 – రాజు × జీ 7

ఈ శకటమును ఊరక విడిచినచో మంత్రి హెచ్ 8కు వచ్చి ఆట కట్టును. ఎఫ్ బంటును నడిపి రాజునకు దారి చేసినను, రాజునకు ముందు బంట్లు లేవు, ఎదుట తెల్లమంత్రి యున్నది, ఆపద తీరదు. బౌయర్ రాజుతో శకటమును చంపెను. కోటగోడ లోని రెండు బంట్లును పోయి రాజు బట్టబయలున నిలిచెను.

18. మంత్రి జీ 4, చెక్ – రాజు హెచ్ 7
19. ఏనుగు ఎఫ్ 3

ఈ 19వ ఎత్తును శ్రద్ధగా చూడుడు. ఇది దేనిని చంపలేదు, చెక్ చెప్పలేదు. రెండు శకటము లిచ్చి రెండు బంట్లు మాత్రము పుచ్చుకొన్నవాడు, నెమ్మదిగా ఏనుగును రెండు గడులు లేపినాడు. మంత్రి జీ వరుసను మూసినది. ఇక ఏనుగు హెచ్ 3కు వచ్చిన హెచ్ వరుసయు మూసికొనును. రాజు ఆ రెండు వరుసల నడుమ చిక్కును. మంత్రి కంచె, ఏనుగు ఈటె. నల్లవానికి ఒక్క ఎత్తు స్వేచ్ఛగా దొరికినను, దూరముననున్న బలములు రాజును చేరలేవు. పలకపై నల్లబలము లిప్పు డెక్కువ. అయినను అక్కరకు వచ్చినవి లేవు.

బౌయర్ మంచి ఎత్తునే వెదకెను.

19. … – ఈ 5
20. ఏనుగు హెచ్ 3, చెక్ – మంత్రి హెచ్ 6
21. ఏనుగు × హెచ్ 6, చెక్ – రాజు × హెచ్ 6

ఈ బంటు తొలగుటచే ఆరవ అడ్డువరుస తెరువబడి, మంత్రి సీ 6 నుండి హెచ్ 6కు పరుగెత్తి రాజునకు అడ్డుపడెను. మంత్రి పోయెను, తెల్లవాని ఏనుగును పోయెను, ఆట మాత్రము కట్టలేదు. ఇప్పుడు లెక్క చూతము. బంటు 1, గుఱ్ఱము 3, శకటము 3, ఏనుగు 5, మంత్రి 9 అని విలువ కట్టుట వాడుక. తెల్లవానికి మంత్రి, ఏనుగు, 8 బంట్లు, మొత్తము 22. నల్లవానికి రెండేనుగులు, రెండు శకటములు, 6 బంట్లు, మొత్తము 22. సరిసమానము! ఇంత దాడి చేసి సమానముతో తృప్తిపడవలెనా?

22. మంత్రి డీ 7

ఈ ఒక్క ఎత్తు బీ 7, ఈ 7 గడులలోని రెండు శకటములను ఒకేసారి పట్టినది. రెంటిలో దేనికిని కావలి లేదు. నల్లవాడు ఈ 7 శకటమును ఎఫ్ 6కు తప్పించెను. మంత్రి బీ 7 శకటమును చంపెను. తక్కెడ అప్పుడు తెల్లవానివైపు మొగ్గినది. తరువాత లాస్కర్ మూలనున్న ఏనుగును ఎఫ్ 1కు తెచ్చి, ఒత్తిడి వదలక ఆడగా, 38వ ఎత్తున బౌయర్ ఓటమి నంగీకరించెను.

ఆట యొక్క మర్మము ఈ 22వ ఎత్తునందున్నది. మొదటి శకటము నర్పించుటకు ముందే చివర ఈ ఎత్తు కలదని చూడనివాడు ఆ దాడికి పూనుకొనదగదు. 15వ ఎత్తు నాడు 22వ ఎత్తును చూడవలెను. చూచి ఇచ్చినది అర్పణము. చూడక ఇచ్చినది నష్టము. చూపరులు మెచ్చుకొనునది శకటము లిచ్చిన ధైర్యమును. ఆ ధైర్యమునకు ఆధారము మాత్రము లెక్కయే. ఇరువదియైదేండ్ల పిమ్మట, 1914లో సెయింట్ పీటర్స్‌బర్గు పోటీలో టారాష్ అనునతడు నిమ్‌జోవిచ్‌పై ఇట్లే రెండు శకటముల నర్పించి గెలిచెను. లాస్కర్ చూపిన దారి కావున నేటికిని చదరంగ గ్రంథములయం దీ విధమైన దాడిని అతని ఆటతోనే బోధింతురు.

దాడికి పూనుకొను విద్యార్థి మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఎదిరి రాజు చెంత నా బలము లెన్ని, అతనివి ఎన్ని? నేను అనుకొన్న ఎత్తుల వరుసను మార్చిన ఎదిరికి తీరిక చిక్కునా, చిక్కదా? ఆట కట్టనిచో చివర నాకు మిగులున దేమి? మూటికిని జవాబు దొరికినప్పుడు శకటమునైన నీయవచ్చును. దొరకనప్పుడు, 19వ ఎత్తునందు వలె, మఱియొక బలమును నెమ్మదిగా ముందునకు తేవలెను.

తలిదండ్రులలో కొందరు చదరంగమును కాలహరణ మని భావింతురు. చదువు మాని ఆడినచో ఏ ఆటయైనను కాలహరణమే. ఆడిన తరువాత ఆ ఆటను మరల పరిశీలించుట మాత్రము చదువులోనిదే. మన రాష్ట్రమువలెనే తెలుగువారు తరతరములుగా నివసించుచున్న పొరుగు రాష్ట్రపు చెన్నై నగరమున, తెలుగు కుటుంబమున 2006లో జన్మించిన గుకేశ్ 2024 డిసెంబరులో, 18వ ఏట, ప్రపంచవిజేత యయ్యెను. ప్రతివా డట్టివాడు గానక్కరలేదు. కాని ప్రతి విద్యార్థియు ఒక పని చేయగలడు. ఆడిన ఆట ఎత్తులను ఒక పుస్తకమున వ్రాసికొని, ముఖ్యమైన ప్రతి ఎత్తునకు ఎదుట “ఈ ఎత్తు ఎందుకు వేసితిని?” అను ప్రశ్నకు జవాబుగా ఒక తెలుగు వాక్యము వ్రాయవలెను. వాక్యము కుదరనిచో ఆలోచనయు కుదరలేదనియే అర్థము. ఇంటిలో మాటాడు భాషలో కారణమును చక్కగా చెప్పనేర్చినవాడు గణితమునందును అట్లే చెప్పగలడు.

అభ్యాసము: 18వ ఎత్తున తెల్లమంత్రి చెక్ చెప్పినప్పుడు నల్లరాజు హెచ్ వరుసకు పోక, ఎఫ్ 6 గడికి వచ్చెననుకొనుడు. తెల్లవా డొక్క ఎత్తులో ఆట కట్టగలడు. ఎఫ్ 4లోని చిన్నబంటు తోడ్పాటును మఱవక, ఆ ఎత్తేదో కనుగొనుడు. కారణమును మీ పుస్తకమున తెలుగులో వ్రాయుడు.