చెక్కనేలయు జిగురును

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో ఇంటినేలకు చెక్క పరతురని చెప్పిన మన పెద్దలు నవ్వుదురు. మనకు బండలు చాలును. తాడిపత్రి బండలు, బేతంచెర్ల బండలు, కడప నల్లబండలు మన యిండ్లలో పరచుకొని యున్నవి. అంతకు పూర్వము మిద్దెయిండ్ల మట్టినేలను పేడతో అలికి ముగ్గులు పెట్టుచుండిరి. అయినను ఆటలాడు పిల్లల మోకాళ్లకు బండ కఠినమైనది. అందుచేత కొన్ని సంవత్సరముల క్రిందట మా ప్రాంతమున నొక సభామందిరములో, సిమెంటు గచ్చుమీద టేకుపలకలను బంకతో నతికించి, ఆటలకును సభలకును పనికివచ్చు నేలను ఏర్పరుప నిశ్చయించిరి. ఆ పనిని జూచుకొను సంఘములో మేమును జేరియుంటిమి. పలకలకైన సొమ్ము పలువురు తల్లిదండ్రులు కొంచెము కొంచెముగా కూడబెట్టి యిచ్చినది. ఆ నేల మూడు మాసములకే లేచినది. అది ఏల లేచెనో, ఎట్లు పరచియుండవలసినదో, మేము ఆలస్యముగా నేర్చుకొన్న సంగతులను ఇచ్చట విన్నవించుచున్నాము.

మొదట చెక్క స్వభావమును తెలిసికొనవలయును. చెట్టును కోసి పలకలుగా చీల్చి యెండబెట్టిన తరువాత గూడ అది గాలిలోని చెమ్మను త్రాగుచు, మరల విడుచుచు నుండును. త్రాగినప్పుడు ఉబ్బును, విడిచినప్పుడు కుదియును. పొడవున ఈ మార్పు లెక్కింపదగినది కాదు, వెడల్పుననే కానవచ్చును. పచ్చిటేకు పూర్తిగా ఎండువరకు వలయముల వెంబడి నూటికి 5.8 వంతులును, వలయముల కడ్డముగా 2.5 వంతులును కుదియును. నెమ్మదియైన చెక్కలలో టేకు ఒకటి. అయినను లెక్క వేసి చూడుడు: పలకలోని చెమ్మ నూటికి ఒక వంతు పెరిగిన, దాని వెడల్పు నూటికి సుమారు 0.19 వంతు పెరుగును. చెమ్మ తొమ్మిదినుండి పండ్రెండు వంతులకు పెరిగెననుకొందము. 125 మిల్లీమీటర్ల పలక సుమారు 0.7 మిల్లీమీటరు విస్తరించును. ఇది యెవరి కంటికి ఆనును? కాని 9 మీటర్ల వెడల్పుగల మందిరములో పలకలన్నియు నొకదాని నొకటి త్రోసికొన్నచో మొత్తము 50 మిల్లీమీటర్లు, అనగా రెండంగుళములు. గోడ జరుగదు, కావున పలకయే పైకి లేవవలయును. అట్లు లేవకుండ ప్రతి పలకను దాని చోటనే పట్టియుంచుట బంక చేయవలసిన పని. గోడల వెంబడి నాలుగు ప్రక్కలను అర అంగుళమంత సందు విడిచి, దానిని సన్నని బద్దతో కప్పుట గూడ ఇందుకొరకే.

బంకలన్నియు నొకటి కావు. మన వడ్రంగులు పూర్వము పశుచర్మము నుడికించి తీసిన సరేసును వాడుచుండిరి. అది వేడిగా నున్నప్పుడు అంటుకొనును. చెమ్మ తగిలిన వదలిపోవును. 1959లో వెలువడిన ఫెవికాల్ మొదలైన తెల్లబంకలు బల్లలకు, కుర్చీలకు మిగుల మేలైనవి. కాని వానిలో నీరు కలదు. నేల నిండుగా పూసి పలక పరచినచో ఆ నీరే పలక క్రిందిభాగమును ఉబ్బించును. అందుచేత చెక్కనేలకు పాలియూరిథేన్ జాతి బంకలను, ఆరిన పిమ్మటగూడ రబ్బరువలె కొంచెము సాగువానిని, వాడుదురు. పలక పెరిగిన తాను సాగి, తగ్గిన తాను ముడుచుకొని అది పట్టు విడువదు. ఇందొక చిత్రము గలదు. ఈ బంక గట్టిపడుటకు గాలిలోని తేమయే కావలయును. కావున మన వేసవిలో, గాలి యెండిపోయిన దినములలో, నెమ్మదిగా గట్టిపడును. పై గాలిలోని తేమ దానికి మిత్రము, క్రింది గచ్చులోని తేమ శత్రువు.

ఈ క్రింది తేమనే మేము లెక్కచేయమైతిమి. కాంక్రీటు పైకి ఎండినట్లు తెల్లబారి కనబడినను లోపల నీరు చాలకాలము నిలిచియుండును. అంగుళము మందమునకు ఒక నెల చొప్పున ఆరనీయవలెనని పనివారి స్థూలమైన లెక్క. మా గచ్చు నాలుగంగుళములది. మే నెలలో పోసిరి. ప్రారంభోత్సవమునకు దినము ముందే నిశ్చయింపబడినందున జూలైలోనే పలకలు పరచితిమి. వర్షము తక్కువయైన మన సీమలో చెమ్మ యెక్కడిదను ధీమాయు మాకు గలదు. అనంతపురము ప్రాంతమున ఏటి వర్షము సుమారు 550 మిల్లీమీటర్లే. కాని అందు పెద్దభాగము సెప్టెంబరు, అక్టోబరు మాసములలోనే కురియును. నేలలోని చెమ్మనుగూర్చి ధర్మవరపు నేతగాండ్ర నడిగియుండిన చెప్పియుందురు. గుంటమగ్గములో కాళ్లు దించి కూర్చుండి పట్టు నేయువారు, వానకాలమున గుంటలో నీరూరి పని నిలిచిపోయిన దినముల నెరుగుదురు. మే మడుగలేదు.

గచ్చును పరీక్షించుట కష్టము కాదు. మూరెడు చదరమైన పారదర్శకమగు ప్లాస్టిక్ కాగితమును గచ్చుమీద పరచి, నాలుగంచులను పట్టీతో గట్టిగా అంటించి, పదునారు గంటలు విడువవలయును. ఎత్తి చూచినప్పుడు కాగితము క్రింద నీటిబిందువులు నిలిచినను, గచ్చు నల్లబడినను, పలక పరచు కాలము రాలేదన్నమాట. గచ్చులో రంధ్రము తొలిచి యంత్రముతో తేమను కొలుచుట ఇంతకన్న నమ్మదగినది. నేల మట్టమును రసమట్టముతోను, పదియడుగుల తిన్నని బద్దతోను చూడవలయును. బద్దక్రింద అయిదు మిల్లీమీటర్లకు మించి సందు కానవచ్చినచో నింపవలయును. లేపాక్షిలో వ్రేలాడు స్తంభము క్రింద సందున వస్త్రమును దూర్చి యాత్రికులు ఆశ్చర్యపడుదురు. మన పలకక్రింద సందు ఎవరికిని ఆశ్చర్యము గూర్పదు, అడుగు వేసినప్పుడెల్ల బోలుగా మ్రోగును. పలకలను గూడ ముందుగనే మందిరములో తెచ్చి, గాలి తగులునట్లు పేర్చి కొన్ని దినము లుంచవలయును. చెదలకు మందు వేయుట మరువరాదు. బంక చెదలను ఆపదు.

పరచుట ఇట్లు. సుద్దత్రాడుతో తిన్నని గీత కొట్టి, పండ్లుగల తాపీతో బంకను గీరలు గీరలుగా పూయుదురు. గంటలో పరువగలిగినంత మేరయే పూయవలెను. పైన పొర కట్టినచో ఆ బంక వ్యర్థము. అప్పుడప్పుడు పరచిన పలకనొకదాని నెత్తి వెనుకవైపు చూడవలయును. గీరలు నలిగి బంక అంతట అంటుకొన్నచో సరి. మచ్చలు మచ్చలుగా అంటినచో తాపీ పండ్లు అరిగినవని యర్థము. వరుసల అతుకులు ఒకదాని కెదురుగా నొకటి రాకూడదు.

అక్టోబరు వానలలో మా పలకల యంచులు లేచి, ప్రతి పలక పళ్లెమువలె నడుమ గుంట పడెను. క్రిందిభాగము ఎక్కువ చెమ్మ త్రాగి ఉబ్బగా, పైభాగము అట్లే యుండుటచే ఈ యాకారము వచ్చును. ఉత్తరపు గోడప్రక్క మరియు అధ్వాన్నము. పైకప్పు నీటిగొట్టము గోడమొదటనే విడువబడియుండెను. ఒక పనివాడు యంత్రముతో గీకి చదును చేసెదననెను. ఉత్సవపు అతిథులు మరల రానుండుటచే మాలో కొందరు ఒప్పుకొనిరి. ముసలి వడ్రంగి యొకడు మాత్రము అడ్డుపడెను. “ఇప్పుడు అంచులు గీకితే, ఎండాకాలం పలక ఎండి సర్దుకున్నాక అంచులు పల్లం, నడుమ మిట్ట అవుతాది. ఏప్రిల్ దాకా ముట్టుకోవద్దండీ” అనెను. సొమ్మిచ్చిన తల్లిదండ్రులకు అతిథులముందు ఏమి చెప్పుదుమను దిగులు మమ్ము మిగుల బాధించెను. అయినను అతని మాటయే నెగ్గెను. చాపలు పరచి సభ జరిపితిమి.

ఏప్రిల్ నాటికి ముక్కాలుపాలు నేల తనంతట సర్దుకొనెను. ఉత్తరపు గోడవెంబడి ఆరు వరుసలు మాత్రము బంక విడిచి బోలుగా మ్రోగుచుండగా, వానిని తీసివేసి, గచ్చును గీకి, ప్లాస్టిక్ కాగితపు పరీక్ష రెండుమారులు చేసి, మరల పరచితిమి. పాత పలకలలో పగులనివానినే త్రిప్పి వాడినందున క్రొత్తవి తక్కువయే కొనవలసివచ్చెను. నీటిగొట్టమును కాలువలోనికి మరల్చిరి. ఇప్పటికిని పెద్ద వాన కురిసిన మరునాడు ఉత్తరపు గోడయొద్ద బద్దను విప్పి, సందులో వ్రేలు పెట్టి చూచుట మా అలవాటు.