మగ్గముపై రేపటి అక్షరము

అక్షరము చదువుటకు మాత్రమే కాదు, చూచుటకు కూడ పుట్టినది. ఒక మాటను తాటాకుపై గంటముతో వ్రాసినపుడు ఒక రూపము, రాతిపై ఉలితో చెక్కినపుడు మరొక రూపము, సీసపు అచ్చున పోసినపుడు ఇంకొక రూపము ఏర్పడును. పనిముట్టు మారినపుడెల్ల అక్షరము తన నడకను మార్చుకొన్నది. నేడు కంప్యూటరుపై సిద్ధముగా దొరకు కొత్త పోకడల అక్షరములను చేతివస్తువులపైకి తెచ్చుట యువకులలో ఒక ఉత్సాహముగా నున్నది. చీర కొంగుపై, గుడ్డసంచిపై, కొయ్యపలకపై, వెదురుబుట్టపై రేపటి కాలమునకు చెందినట్లు తోచు అక్షరములను వేయవలెనను కోరిక మంచిదే. అయితే ఆ అక్షరము చేతిపనికి ఎంతవరకు ఒదుగును? ఎచట ఒదుగదు? దాని భారము ఎవరిపై పడును? ఈ వ్యాసమున వీనిని విచారింతము.

భావికాలపు అక్షరమనగా నేమి?

ప్రతి ఫాంటును పుస్తకము నిండ వాడుటకు వీలులేదు. కొన్ని శీర్షికలకు, గోడపత్రములకు, పెద్ద పరిమాణమున చూపుటకు మాత్రమే రూపొందినవి. వీనిని శీర్షికాక్షరములందము. వీనిలో ఒక తెగ యంత్రయుగపు రూపము గలది: వంపులకు బదులు కోణములు, వలయమునకు బదులు మూలలు నునుపైన చతురస్రము, ఒకే మందముగల గీత, అక్కడక్కడ తెంపులు.

ఈ రూపము ఊహలో మాత్రమే పుట్టలేదు. బ్యాంకు చెక్కు క్రింది అంచున ఉండు విచిత్రపు అంకెలను విద్యార్థులు చూచియే యుందురు. యంత్రము వానిని గుర్తించుటకై 1950ల చివర రూపొందించిన అంకెలవి. మనుష్యుని కంటికి వింతగా నుండుటచేత, తరువాతి చిత్రకారులు వానినే భవిష్యత్తునకు చిహ్నముగా గైకొనిరి. ఇటలీ దేశీయుడు ఆల్డో నోవరేసే 1962లో వెలువరించిన ‘యూరోస్టైల్’ నలుచదరపు వలయములతో ప్రసిద్ధికెక్కినది. హాలండు దేశపు విమ్ క్రౌవెల్ 1967లో ‘న్యూ ఆల్ఫబెట్’ను రచించెను. నాటి విద్యుత్ తెరపై వంపులు సరిగా రానందున, ఆయన వంపులనే విడిచి నిలువు, అడ్డ గీతలతో అక్షరమాలను కట్టెను. ఇచ్చట గమనింపదగిన సంగతి యేమనగా, నవీనమని మనము పొగడు రూపము నిజమునకు పనిముట్టు విధించిన నిర్బంధము.

మన మగ్గమునకును అట్టి నిర్బంధమే కలదు. నిలువు పడుగు, అడ్డపు పేక. వీనిని మించి దానికి మరొక దారి లేదు. మగ్గముపై వంపు అనునది మెట్లుమెట్లుగా సాగు గీతయే. కనుక గళ్ళలో ఇముడు చతురస్రాక్షరము మగ్గమునకు పరాయిది కాదు, దగ్గరి చుట్టమే. ఇరాను, మధ్య ఆసియా కట్టడములపై ఇటుకలతో కూర్చిన చదరపు కూఫీ లిపి ఈ సత్యమునే శతాబ్దుల క్రితము చాటినది. ఇటుక వంగదు కనుక అక్షరము కోణములు తిరిగెను. ఉర్దూకు ప్రాణమైన నస్తాలీఖ్ దీనికి భిన్నమైనది. ఏటవాలుగా జారుచు సాగు ఆ లిపిని కంప్యూటరుపైకి తెచ్చుటకే 1981లో వెలువడిన ‘నూరీ నస్తాలీఖ్’ వేలకొలది అక్షరకూర్పులను ముందుగా వ్రాయించి నిల్వచేసికొనవలసి వచ్చినది. దానిని యథాతథముగా నేయబూనుట సాహసమే.

వస్త్రముపై అక్షరము కొత్తదా?

కాదు. అస్సాము దేశపు బృందావనీ వస్త్రమున లీలా చిత్రముల నడుమ అక్షరములు నేయబడినవి. ఒడిశాలో గీతగోవిందపు శ్లోకములను ఇకత్ పద్ధతిన నేసి జగన్నాథునకు సమర్పించు ఆచారము కలదు. శ్రీకాళహస్తి కలంకారీ తెరలపై కథావివరము తెలుగున వ్రాయబడును. మన తేలియా రుమాళ్ళపై విమానములు, గడియారములు కూడ నేతకెక్కినవి. నాటి నేతగాడు తన కాలపు నవీనతను చూచి భయపడలేదు. గళ్ళలోనికి ఒదిగించుకొని తనదిగా చేసికొన్నాడు.

మూడు ఊళ్ళ పేర్లు, మూడు పాఠములు

తెలుగు లిపి రోమను లిపివలె ఒకే వరుసన నిలుచునది కాదు. పైన గుడి, ప్రక్కన కొమ్ము, క్రింద వత్తు. ఈ చిక్కును మన ఊళ్ళ పేర్లే చక్కగా బోధించును.

మొదటిది గద్వాల. ఇందు ‘ద్వా’కు క్రింద వత్తు కలదు. గ్రాఫు కాగితముపై అక్షరదేహమునకు 7 వరుసలు, తలకట్టునకు 2 వరుసలు ఇత్తుమనుకొందము, మొత్తము 9. వత్తునకు మరి 5 వరుసలు కావలెను, మొత్తము 14. వరుసకు రెండు పేకలు, పేకకు ఒక జాకార్డు అట్ట చొప్పున లెక్కించినచో, 18 అట్టలతో ముగియవలసిన పని 28 అట్టలకు పెరుగును. ఒక్క వత్తు పది అట్టల పని!

రెండవది వనపర్తి. ఇందు ‘వ’, ‘ప’ రెండును కలవు. ‘వ’లో తలకట్టు దేహమునకు కలిసియుండును, ‘ప’లో విడిగా నుండును. కొత్తదనము కొరకు తలకట్టును తీసివేసినచో, లేక అన్నిటికి ఒకే తీరున అతికించినచో, ‘వ’కు, ‘ప’కు నడుమ భేదము చెరిగిపోవును. తలకట్టు అలంకారము కాదు, అర్థమునకు ఆధారము.

మూడవది నాగర్‌కర్నూల్. పేరు పొడవైనది, పొల్లులు, వత్తు, దీర్ఘమైన కొమ్ము అన్నియు నిందు కలవు. సన్నని అంచున దీనిని ఇరికించినచో గీతల నడుమ ఖాళీలు మూసికొనిపోవును. అంగుళమునకు 60 పోగులున్న వస్త్రమున ఒక్కొక్క గడికి 3 పోగులు కేటాయించినచో, 7 గళ్ళ వెడల్పుగల అక్షరము 21 పోగులు, అనగా అంగుళములో మూడవవంతు కంటె కొంచెము ఎక్కువ స్థలము తీసికొనును. ఈ లెక్క వేసికొన్న పిమ్మటనే పేరు ఎచట పట్టునో నిర్ణయింపవలెను.

నేతలోను, ఇతర వస్తువులలోను జాగ్రత్తలు

గద్వాల చీరకు నూలు దేహము, పట్టు అంచు, పట్టు కొంగు. వేరువేరు నాడెలతో నడచు పేకలను అంచు వద్ద ఒకదానితో నొకటి పెనవేయుట దాని ప్రత్యేకత. ఆ కలయిక వద్ద అక్షరమును పెట్టరాదు. కుచ్చిళ్ళలో మడతపడు దేహభాగమునను పెట్టరాదు. కొంగు చివర దానికి తగిన చోటు. మరియు జరీతో అడ్డగీతను పొడవుగా నేసినచో దారము పైకి తేలి గాజులకు, గోళ్ళకు తగులుకొనును. భావికాలపు అక్షరములకు పొడవైన అడ్డగీతలే ప్రాణము కనుక, వానిని నడుమ నడుమ పోగులతో బంధింపవలెను. ఆ చిన్న తెంపులు అక్షరమునకు యంత్రయుగపు శోభనే యిచ్చును.

గుడ్డసంచులపై రేకు అచ్చుతో రంగు వేయుచో మరొక చిక్కు. ‘ర’ను పూర్తిగా కత్తిరించినచో లోపలి వలయము ఊడిపడును. తెంపులున్న అక్షరమైనచో లోపలి భాగము వెలుపలికి అంటియుండును. ‘ఠ’లో మాత్రము లోని చుక్క నిలుచునో లేదో ముందే చూచుకొనవలెను, చుక్క పోయిన ‘ఠ’ వట్టి ‘ర’యే. వస్తువుపై ధర, ఉతుకు విధానము, చిరునామా వంటివి ఎల్లప్పుడును సాదా అక్షరములలోనే ఉండవలెను.

ఏ అక్షరమును ఎన్నుకొనవలెను?

తెలుగున ఉచితముగా లభించు ఫాంట్లలో ‘చతుర’ అనునది నిడుపైన నలుచదరపు పోకడ గలది. సన్ననిది మొదలు మిక్కిలి మందమైనది వరకు ఐదు తరగతులలో దొరకును. శీర్షికలకు తగిన మరొకటి ‘సురవరం’. గోలకొండ పత్రికను 1926లో స్థాపించి, 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు దానికి పెట్టబడినది. గద్వాల సీమకు చెందిన ఆ మహనీయుని పేరు అక్షరరూపమున నిలుచుట మనకు గర్వకారణము. ఇవి స్వేచ్ఛా లైసెన్సు క్రింద వెలువడినవి. అమ్మకపు వస్తువులపై వాడుటకు అభ్యంతరము లేదు. ఇతర ఫాంట్లకు అనుమతి షరతులను చదువక వాడరాదు.

అయినను, అందరికి దొరకు ఫాంటు ఎవరికిని సొంత గుర్తు కాజాలదు. దానిని గ్రాఫు కాగితముపై పరచి, ప్రతి గడిని చేతితో దిద్దినపుడే అది ఆ మగ్గపు అక్షరమగును. పవర్లూము నకళ్ళు అసలు చీర పేరుతో అమ్ముడుపోవు ఈ దినములలో ఇట్టి సొంత గుర్తు కొనువారికి ఒక ఆనవాలు. అయితే రూపమును అచ్చముగా అనుకరించుట యంత్రమునకు కష్టము కాదు కనుక, అక్షరమొక్కటే రక్ష అని భ్రమపడరాదు. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు వంటి ధ్రువీకరణ తోడుగా నుండవలెను.

ముఖ్యమైన మాట మరొకటి. కంప్యూటరు ముందు కూర్చున్నవానికి ఒక వత్తు చేర్చుట క్షణము పని. మగ్గము ముందు కూర్చున్నవానికి అది పది అట్టలు, మరికొన్ని గంటలు. చీరకు ఇంత అని కూలి పుచ్చుకొను నేతకారునకు నమూనా నేసిన దినముల వేతనము ఎవరిచ్చెదరు? కొత్త అక్షరమును కోరువారు మొదట ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. నమూనాకు కూలి కట్టి, నేతకారుని దిద్దుబాటును అంగీకరించి, ఆ పిమ్మటనే వస్తువునకు ధర నిర్ణయించుట న్యాయము.

మన కళాశాలలో రెండు లిపులు ప్రక్కప్రక్కనే నడచుచున్నవి. ఒకటి కుడినుండి, మరొకటి ఎడమనుండి. రెండును గళ్ళ కాగితముపై కలిసికొనగలవు. విద్యార్థులు సెలవులలో ఒక గ్రాఫు పుస్తకమును, పెన్సిలును తీసికొని తమ ఊరి పేరును రెండు లిపులలోను గళ్ళలో కూర్చి చూడవలెను. పిదప దానిని ఒక నేతకారునకు చూపి, ఎన్ని అట్టలు పట్టునో అడుగవలెను. ఆ జవాబుతో వారి నిజమైన పాఠము ఆరంభమగును.